నిటారుగా పడిన మంచు

ఫిబ్రవరి 4

అక్కా,

ఫోన్లో అయితే మూడో మాటకల్లా ఇద్దరిలో ఎవరో ఒకరం పెట్టేస్తాం. అందుకే కాగితం పట్టుకున్నాను. దీని మీద నువ్వు మధ్యలో అడ్డుపడలేవు.

ఇవాళ విచారణ గదిలో నువ్వు కంప్యూటర్లో చేసిన కొండ చూశాను. నీదే. చివర్లో తెర మీద మీ స్టూడియో పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో 'మంచు' అని రాసి నీ పేరు. మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది. అప్పటిదాకా ఒళ్ళు చల్లబడిపోయి కూర్చున్నవాణ్ణి, పేరు చూశాక మండిపోయాను.

నీకు తెలియనట్టు మొదటినుంచీ చెప్పాలా? సరే, చెబుతాను. డిసెంబరులో ఒక పొద్దున, రాత్రంతా పడిన మంచు ఆగాక, రోజూ చేసినట్టే కొండ రోడ్డు గేటు దగ్గర నిలబడి బైనాక్యులర్‌తో కొండ నెత్తి చూశాను. రాయి నల్లగా కనబడింది. గేటు తీశాను. ముందు వెళ్ళింది పాల వ్యాను. మలుపు తిరిగాక, ఎడమ పక్క చీలికలో ఉన్న మంచంతా ఒక్కసారిగా ఊడి రోడ్డు మీద పడింది. తవ్వి తీసేసరికి డ్రైవర్ ప్రాణాలతో లేడు. పొట్టి మనిషి. గేటు దాటేటప్పుడు హారన్ కొట్టి, "ఏం దొరగారూ, ఇవాళ దయ కలిగిందా" అనేవాడు. ఆ రోజు కూడా అన్నాడు.

ఇవాళ మా శాఖ లాయరు లైట్లు ఆర్పించి నీ బొమ్మ వేయించాడు. గేటు దగ్గర నిలబడ్డ మనిషికి కొండ ఎలా కనబడుతుందో అలా. నెత్తి నుంచి పాదాల దాకా తెల్లగా, ఉతికిన దుప్పటి కప్పినట్టు ఉంది. అంచు మీద ఇంటి చూరులా మంచు వేలాడుతోంది. లాయరు అక్కడ ఆపించి, "ఇది చూసి కూడా గేటు తీశారా అండీ?" అన్నాడు. అండీ అన్నాడు.

డ్రైవర్ భార్య ముందు వరసలో కూర్చుంటుంది. రోజూ అల్లిక తెచ్చుకుంటుంది, తలెత్తదు. ఇవాళ సూదులు ఆపి, వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఉద్యోగం పోతే పోనీ, ఇంకో గేటు దొరక్కపోదు. చూసి కూడా తీశాడని ఆవిడ అనుకుంటోంది. అది నేను మొయ్యలేను.

ఆ పొద్దున నెత్తి మీద మంచు లేదు. నీ మంచు జల్లెడలోంచి పిండి రాలినట్టు నిటారుగా పడింది. మా కొండ మీద మంచు ఏనాడూ నిటారుగా పడలేదు.

నీ తమ్ముడు
(ఇంకా ఒప్పుకుంటే)


ఫిబ్రవరి 9

ఒరే మొండీ,

నీ ఉత్తరం ఆఫీసు లిఫ్టులో చదివాను. మా అంతస్తు వచ్చింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది. చదువుతూనే మళ్ళీ కిందికి వెళ్ళిపోయాను.

ముందు నా కోపం సంగతి తేలాలి. డిసెంబరు నుంచీ నీ నెత్తిన ఇంత జరుగుతుంటే నాతో ఒక్క ముక్క అనలేదు. జనవరిలో ఫోన్ చేస్తే ఏం చెప్పావు? మీ కుక్కకి కాలు బెణికిందని. దాని కాలికి కట్టు ఎలా కట్టావో పావుగంట చెప్పావు. మనిషి పోయాడని చెప్పలేదు, నిన్ను బోనెక్కించారని చెప్పలేదు. ఇప్పుడేమో "నీకు తెలియనట్టు" అని దెప్పుతున్నావు. తెలియదు. నాకు చెప్పేవాడు కుక్క కాలి గురించి మాట్లాడుతుంటే ఎలా తెలుస్తుంది?

మాకు కొండలు పేర్లతో రావురా. బూడిదరంగు బొమ్మగా వస్తాయి. ఎత్తయిన చోటు తెల్లగా, పల్లం నల్లగా ఉంటుంది. పైన ఒక నంబరు. కంప్యూటర్లో దాన్ని పైకి లేపితే కొండ అవుతుంది. దీని మీద 'రహదారి భద్రత కోసం' అని రాసుంది. కొత్త డ్రైవర్లకి పాఠం చెప్పడానికి అనుకున్నాను. మీ ఇంటికి వచ్చింది ఒక్కసారి, అదీ ఎండాకాలంలో. ఎండిన గడ్డి కప్పుకుని పడుకున్న కొండ నాకు గుర్తుంది. బట్టతలతో ఉంటే పోల్చుకునేదాన్నేమో. కప్పింది నేనేగా.

ఇంకో మాట. మంచు ఎలా పడుతుందో నాకు తెలియదనుకోకు. పదేళ్ళ పైగా తింటున్న తిండి అది. మంచు వేయడమంటే తెల్లరంగు పూయడం కాదు. నిట్టనిలువు గోడ మీద నిలవదు, వాలు తగ్గిన చోట నిలుస్తుంది, బండ కింద పడదు, ఎండ తగిలే వైపు పలచబడుతుంది. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి లెక్క కట్టించాలి. ఆఖరున గాలి. గాలి ఒకచోట ఊడ్చి ఇంకోచోట పోస్తుంది. ఆ లెక్కకి కంప్యూటర్లు రోజులకి రోజులు తీసుకుంటాయి. టైము లేదు, వదిలెయ్యమన్నారు. వదిలేశాను. అయినా అంచుల్లో అక్కడక్కడా రాయి కనబడేలా ఉంచాను. "మురికిగా ఉంది, నిండుగా వెయ్యండి" అని మీ శాఖ నుంచి కబురొచ్చింది. నిండుగా వేశాను. అందరూ మెచ్చుకున్నారు. నాకూ నచ్చింది.

ఇప్పుడా మెచ్చుకోలు గుర్తొస్తే సిగ్గేస్తోంది. నీ మీద కోపం మాత్రం తగ్గలేదు.

మీ అక్క


ఫిబ్రవరి 13

అక్కా,

గాలికి టైము లేదా మీకు? ఆ ఒక్క మాట పట్టుకుని రెండు రోజులు గేటు గదిలో అటూ ఇటూ తిరిగాను. మా శాఖకీ గాలికి టైము లేదు.

కొండ నెత్తి మీద మాకో యంత్రం ఉంది. గాలి ఎటు నుంచి ఎంత జోరుగా వీస్తోందో గేటు గదిలోకి చెబుతుంది. చలికాలం మొదలవకముందే దాని మెడ విరిగింది. బాగుచేయమని రాశాను, ఫోన్ చేశాను, మనిషిని పంపాను. ఇంజనీరు వస్తాడన్నారు. మా కుక్కకి ఇంజనీరు అని పేరెందుకు పెట్టానో నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఎంత పిలిచినా రాదు.

ఇప్పుడు వాళ్ళ వాదన విను. మంచు గేటు దగ్గరికి కళ్ళారా కనబడుతోంది కాబట్టి యంత్రం ఉన్నా లేకపోయినా ఒకటేనట. అంటే నీ దుప్పటి మీద వాళ్ళు హాయిగా పడుకున్నారు. రాయి కనబడనిస్తే యంత్రం సంగతి ఎత్తాలి. అందుకే మురికి అన్నారు. నిన్ను వాడుకున్నారని నేను అనడం లేదు. నచ్చింది అన్నావు చూడు, అక్కడ మండింది నాకు.

నీ చేత్తో పోసిన మంచు నీ చేత్తో ఎత్తు. ఇంకేమీ అడగను. బావకి చెప్పకు, సలహాలు మొదలుపెడతాడు.

తమ్ముడు


ఫిబ్రవరి 20

ఒరే,

మీ బావకి చెప్పాను. సలహా ఇచ్చాడు. "వీళ్ళిద్దరూ ఒకే అమ్మ కడుపున ఎలా పుట్టారో" అన్నాడు, అది సలహా కింద లెక్కేసుకో.

మా సూపర్‌వైజరు గదికి వెళ్ళి, ఆ మంచు తప్పు, గాలి కలిపి మళ్ళీ చేస్తానన్నాను. ఆయన కుర్చీ వెనక్కి వాల్చి, "అప్పజెప్పిన పని అప్పజెప్పాం కదమ్మా, మీకెందుకు" అన్నాడు. కొండ కింద ఉన్నది నా తమ్ముడని చెప్పాను. "అయితే అసలు మీరు దాని జోలికే పోకూడదు" అన్నాడు. అదీ నిజమే. ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఆయన గోడ మీద నేను చేసిన కొండే వేలాడుతోంది, వేరేది, అందంగా. దాని మీద కూడా మంచు నిటారుగానే పడింది. నా జన్మలో ఎన్ని కొండలకి ఇలా అబద్ధపు దుప్పట్లు కప్పానో అనిపించింది. సినిమా కొండల కింద నిజంగా ఎవరూ చావరు కాబట్టి ఎవరూ అడగలేదు.

విచారణాధికారికి నేనే నేరుగా రాశాను. ఆ బొమ్మలో గాలి లేదని, అంచు మీది రాయిని మీ శాఖ అడిగితే కప్పేశానని, మళ్ళీ చేసి చూపించే వీలు ఇవ్వమని. మార్చి 16న రమ్మన్నారు. సెలవు పెట్టాను, ఇంట్లో కంప్యూటర్ మీద చేస్తున్నాను. అది రుబ్బురోలులా మోగుతోంది, మా అమ్మాయి చెవుల్లో దూది పెట్టుకుని చదువుకుంటోంది.

ఒక చిక్కు ఉంది. గాలి కలపాలంటే ఎటు నుంచి అని కంప్యూటర్ అడుగుతుంది. ఏదో ఒకటి చెప్పకపోతే కదలదు. మీ యంత్రం విరిగింది. మరి నేనేం చెప్పను? ఆ పొద్దుటి ఫోటోలు ఏవైనా ఉంటే పంపమని మరదలికి ఫోన్ చేశాను.

మీ అక్క


ఫిబ్రవరి 24

అక్కా,

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఇవాళ తెలిసింది.

నువ్వు రాసింది గదిలో పైకి చదివారు. లాయరు అద్దాలు తీసి తుడుచుకుంటూ, "తమ్ముడి కోసం అక్కగారు మంచు ఊడుస్తున్నారన్నమాట" అన్నాడు. గది అంతా నవ్వింది. టీ ఇచ్చేవాడు కూడా నవ్వాడు. డ్రైవర్ భార్య నవ్వలేదు, అల్లుకుంటూనే ఉంది. వచ్చే నెల నువ్వు ఏ గాలి చూపించినా, నాకు పనికొచ్చే గాలి ఎంచుకున్నావంటారు. అప్పుడు నేను గేటు తీసినవాణ్ణే కాదు, అక్క చేత అబద్ధం వేయించినవాణ్ణి కూడా అవుతాను.

పంపేముందు నన్ను అడగొచ్చుగా? అడగవు. చిన్నప్పుడు నా తరఫున బడిలో దెబ్బలాడటానికి వచ్చి, నేను చెప్పేలోపే తప్పు పిల్లాణ్ణి కొట్టావు. అదే పద్ధతి ఇప్పుడూనూ.

ఫోటోలు మా ఆవిడని ఎందుకు అడిగావు? నేను చచ్చానా?

తమ్ముడు


మార్చి 1

ఒరే మొండీ,

లాయరు అన్నదాంట్లో నాకు కోపం తెప్పించేది ఏంటంటే, సబబుగానే ఉంది. అతని స్థానంలో ఉంటే నేనూ అదే అంటాను. అక్క మాట ఎవరు నమ్ముతారు? కొలిచి చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి, నాకూ నీకూ చుట్టం కానిది.

అది దొరికింది. దొరక్కుండా ఉంటే బావుండునని కూడా అనుకున్నాను. నింపాదిగా చదువు.

మరదలు పంపిన వాటిలో ఒకటి ఆ పొద్దున కుక్కని తీసింది. గేటు ముందు మంచులో కూర్చుని ఉంది, ముక్కు మీద మంచు. వెనకాల గేటు ఇనుప స్తంభం. స్తంభానికి కుడి వైపున మంచు అరచెయ్యి మందాన కరుచుకుని ఉంది, సున్నం కొట్టినట్టు. ఎడమ వైపు ఇనుము తడి కూడా లేదు. గాలి ఎటు నుంచి వస్తే అటు వైపే కదా మంచు అంటుకునేది. అంటే కుడి నుంచి ఎడమకి.

ఆ గాలి పెట్టి చూశాను. నీ కొండ నెత్తి నిగనిగా నల్లగా బయటపడింది, నువ్వు చెప్పినట్టే. ఊడ్చిన మంచంతా వెనక ఎడమ చీలికలోకి పోయి కూర్చుంది. గేటు దగ్గర నుంచి కొండ మూపు అడ్డం, ఏమీ కనబడదు. కంటికి కనబడిందన్న వాళ్ళ మాట అబద్ధం. అది తేలిపోయింది. ఇక్కడే ఆగిపోయి నీకు రాద్దామనుకున్నాను.

కానీ రాత్రంతా మంచు పడి, పొద్దున్నే నెత్తి నల్లగా ఉంటే, పడలేదని కాదుగా అర్థం, పోయిందని. ఎటు పోయిందో నీ చేతి కిందున్న స్తంభం చెబుతోంది. గేటు తీయడానికి నువ్వు పట్టుకునేది ఆ స్తంభాన్నే. ఆ పొద్దున అది చూశావా? ఇది లాయరు అడగడం లేదు. నేను అడుగుతున్నాను.

అక్క


మార్చి 4

నువ్వు నా తరఫునా, వాళ్ళ తరఫునా?

గేటు దగ్గరి గాలి వేరు, నెత్తి మీది గాలి వేరు. లోయలో గాలి సుడి తిరుగుతుంది. ఒక్కోసారి స్తంభానికి కుడి పక్క అంటుకుంటుంది, పైన మాత్రం ఎదురు వీస్తుంది. ఇన్ని చలికాలాలు చూశాను, కుర్చీలో కూర్చుని చూడలేదు. అవతల వాళ్ళు వరస కట్టి హారన్లు కొడుతున్నారు. ఆసుపత్రికి పోవాల్సినవాళ్ళు ఉన్నారు. పైనుంచి ఆఫీసరు ఫోన్, "ఇంకా తియ్యలేదా" అని. అప్పుడు వెళ్ళి స్తంభానికి నమస్కారం పెట్టి గాలి ఎటమ్మా అని అడగాలా?

ఇంజనీరు ఫోటోని నా మెడకి ఉరి చేశావు. ఆ ఫోటో చింపెయ్.


మార్చి 8

తమ్ముడూ,

పిలుపూ సంతకమూ లేని ఉత్తరం నీ దగ్గర నుంచి ఇదే మొదటిది. దాచి ఉంచాను, ఎప్పటికైనా నీకు చూపించి తిట్టడానికి.

సుడి సంగతి నువ్వు చెప్పింది నిజం కావచ్చు. నేను స్తంభం చూసి గాలి చెప్పేస్తున్నాను గానీ, ఆ లోయలో నిలబడలేదు. రెండు రోజులుగా దాని మీదే కొట్టుకుంటున్నాను. ఎదురు గాలి కూడా పెట్టి చూశాను. అప్పుడు మంచంతా కుడి లోయలోకి పోతుంది, అక్కడ మనిషి పురుగు లేదు, వ్యాను మీద చిటికెడు కూడా పడదు. పడింది కాబట్టి గాలి కుడి నుంచే వచ్చింది. ఇది మనకి ఇప్పుడు తెలుసు. ఆ పొద్దున నీకు తెలియదు. ఆ తేడా నాకు అర్థమవుతుంది, నేను రాయిని కాదు.

మరి ఏం చెయ్యను? ఫోటో లేకపోతే నా గాలి, అక్క ఎంచుకున్న గాలి. నువ్వు నల్లరాయి చూశావని నేనొక్కదాన్ని తప్ప ఎవరూ నమ్మరు. ఫోటో పెడితే రాయి సంగతి నమ్ముతారు, ఆ వెంటనే స్తంభం సంగతి అడుగుతారు. మింగలేను, కక్కలేను. నీ మీద కోపం వస్తోంది, నన్ను ఈ కుర్చీలో కూర్చోబెట్టినందుకు. ఆ తర్వాత, నేనే వచ్చి కూర్చున్నానని గుర్తొస్తుంది.

చింపడం నా వల్ల కాదు. ఒకసారి అడిగారని రాయి కప్పేశాను. మళ్ళీ అడిగారని స్తంభం తీసెయ్యలేను, అడిగింది నువ్వైనా సరే. అలాగని నిన్ను కాదని దాన్ని తెర మీద పెట్టనూ లేను. నువ్వు వద్దంటే ఉత్తి చేతులతో వస్తాను. వాళ్ళు నవ్వితే నవ్వుతారు.

16 పొద్దున బస్సు. మంచు ఉంటే గేటు వెయ్యి, నా కోసం తియ్యకు.

మీ అక్క


మార్చి 12

అక్కా,

నీ ఉత్తరం మా ఆవిడ చదివి నాకు వినిపించింది. చేతిలోకి తీసుకోనంటే, గిన్నెలు తోమడం ఆపి పైకి చదివింది. అయిపోయాక, "మీరు ఆ రోజు ఒక చేతి తొడుగు తడిగా ఉందని పొయ్యి దగ్గర ఆరేశారు. కుడిది" అంది. గిన్నెలు గట్టిగా పెట్టింది.

చూశాను అక్కా. స్తంభం పట్టుకున్నప్పుడు మంచు విరిగి తొడుగులోకి పోయింది, చల్లగా తగిలి తిట్టుకున్నాను. గాలి కుడి నుంచి అని ఒక్క క్షణం తట్టింది. వెంటనే, కిందది సుడి, పైన వేరేగా ఉంటుందిలే అనుకున్నాను. అనుకోవడం ఎంత తేలికో. అటో ఇటో, సగానికి సగం. యంత్రం ఉంటే ఆ సగం మీద నేను పందెం కాయాల్సిన పని లేదు. వాళ్ళ తప్పు వాళ్ళది, దాన్ని నేను మాఫీ చేయను, ఆ లాయరు అండీ అన్నందుకు కూడా మాఫీ చేయను. నాది నాది.

నిన్న గది బయట డ్రైవర్ భార్య ఎదురైంది. నేను తప్పుకుని దారిచ్చాను. ఆవిడ పోలేదు. "అంత మంచు కనబడుతుంటే మీకు ఏమనిపించింది?" అని అడిగింది. కోప్పడలేదు, తెలుసుకోవాలని అడిగింది. నోరు తెరిచాను, కనబడలేదమ్మా అందామని. ఆ మాట నిజం. సగం నిజం. అందుకే అనలేదు. ఆవిడ అల్లిక సర్దుకుని వెళ్ళిపోయింది.

16న ఆవిడకి జవాబు చెప్పాలి. లాయరుకి కాదు.

అందుకని ఫోటో పట్టుకురా. ఉత్తి ఫోటో చాలదు. నీ బొమ్మలో గేటు ఎక్కడుందో అక్కడ స్తంభం లేదు, మొదటిసారి చూసినప్పుడే గమనించాను, అప్పుడు చెప్పలేదు. స్తంభం నిలబెట్టు. నా భుజం ఎత్తు ఉంటుంది, పైన గుండ్రటి టోపీ, పచ్చ రంగు పెచ్చులూడి ఉంటుంది. కుడి వైపు మంచు కరిపించు, సరిగ్గా నా చెయ్యి పట్టే చోట ఒక పెళ్ళ విరిగి ఉండాలి. లైట్లు ఆర్పాక అక్కడ ఆపమను. మిగతాది నేను లేచి చెబుతాను.

నీ మీద కోపం ఉంది. బస్సు దిగాక చూసుకుందాం.

నీ తమ్ముడు